దీవి బుగ్గన దిష్టిచుక్క

పసిపిల్ల ఎంత ముద్దుగా వుంటే బుగ్గన దిష్టిచుక్క అంత పెద్దదవుతుంది మన ఇళ్ళల్లో. కాటుక వేలితో అద్దేసి, ఇంక ఫరవాలేదు అనుకుంటుంది తల్లి. చూసేవాళ్ళ చూపు ముందుగా ఆ నల్లమచ్చ మీద పడి అక్కడే ఆగిపోవాలన్నది లెక్క. కొత్తగా కడుతున్న ఇంటికి గుమ్మడికాయ వేలాడదీయటం కూడా అందుకే. అందం వున్నచోట చిన్న లోపం ఒకటి కావాలని పెట్టుకోవటం! ఇందులో మూఢనమ్మకం పాలెంతో, లోకజ్ఞానం పాలూ అంతే వుందనిపిస్తుంది నాకు. బాగున్నదాని వెంట జనం పడతారు. జనం వెంటపడ్డది ఎక్కువకాలం బాగుండదు. ఈ సంగతి మన అమ్మమ్మలకి ఏ కాలేజీలోనూ నేర్పలేదు.

మనుషులకే కాదు, ఊళ్ళకీ దిష్టిచుక్కలుంటాయి. గుంతలు పడ్డ రోడ్డు, రోజుకి రెండే బస్సులు, పలకని ఫోను. ఇలాంటివి అడ్డుపడబట్టే కొన్ని చోట్లు ఇంకా చూడముచ్చటగా మిగిలాయి. అయితే ఊరి బుగ్గన ఆ చుక్క పెట్టింది ఎవరు? అది అలాగే వుండాలని కోరే హక్కు ఎవరిది? ఈ ప్రశ్న నాకు అండమాన్‌లో ఎదురైంది. జవాబు వెతుక్కోవటానికి మాత్రం దిల్‌సుఖ్‌నగర్ దాకా తిరిగి రావలసి వచ్చింది.

ఈమధ్య మావైపు అండమాన్ ప్రయాణం షిరిడీ ప్రయాణమంత మామూలైపోయింది లెండి. కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య ట్రావెల్స్ వాళ్ళ బోర్డులు కూడా వేలాడుతుంటాయి: అయిదు రాత్రులు, ఆరు పగళ్ళు, టిఫినుతో సహా. మేమూ వెళుతున్నామని తెలిసి, మా మేడమీది వాటాలో వుండే సూర్యాపేట పెద్దమ్మ బుగ్గలు నొక్కుకుంది.

"గాడేమున్నది బిడ్డా? సుట్టూ నీళ్ళే గదా! గా నీళ్ళు జూడనీకి గన్ని పైసలా?"

నవ్వి వూరుకున్నాను గానీ, ఆ "ఏమున్నది" అన్న మాట నాతోపాటే విమానమెక్కింది.

మేము ఎక్కువ రోజులు గడిపింది నీల్ దీవిలో. 1857 తిరుగుబాటును అణచటంలో క్రూరుడని పేరు మోసిన జేమ్స్ నీల్ అనే కంపెనీ సైన్యాధికారి పేరది. 1943 డిసెంబరు 30న నేతాజీ పోర్ట్‌బ్లెయిర్‌లో జెండా ఎగరేశారు. దానికి గుర్తుగా 2018లో అదే తేదీన నీల్ దీవి పేరు షహీద్ ద్వీప్ అని మార్చారు. పోర్ట్‌బ్లెయిర్ కూడా 2024 నుంచి శ్రీ విజయపురమైంది. నోటికి మాత్రం ఇంకా పాత పేర్లే వస్తున్నాయి. అక్కణ్ణించి సర్కారు పడవలో సుమారు రెండు గంటల ప్రయాణం. దీవి ఈ కొస నుంచి ఆ కొసకి సైకిలు మీద తీరుబడిగా గంటలో చేరిపోవచ్చు. 2011 లెక్కల్లో జనం దాదాపు మూడు వేలు.

ఊళ్ళ పేర్లు వింటే రామాయణం పురాణం చెబుతున్న పందిట్లో కూచున్నట్టుంటుంది: రామ్‌నగర్, సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్. అక్కడి కుటుంబాల్లో ఎక్కువమంది 1960ల్లో వచ్చి స్థిరపడ్డ తూర్పు బెంగాల్ కాందిశీకుల సంతతి. ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని వచ్చి, అడవి కొట్టుకుని, వరీ కూరగాయలూ పండించారు. చుట్టుపక్కల దీవులకి ఈనాటికీ ఇక్కణ్ణించి కూరలు వెళతాయి. వనవాసం చేసినవాళ్ళ ఊళ్ళకి ఆ పేర్లు అతికినట్టు సరిపోయాయి.

పడవ దిగేది భరత్‌పూర్‌లో. అడుగున అద్దం బిగించిన పడవలూ, నీళ్ళమీద పరుగెత్తే స్కూటర్లూ, కొబ్బరిబోండాలూ, ఫొటోలకి ముఖాలు పెట్టే కొత్త దంపతులూ! మన నుమాయిష్‌ని తెచ్చి సముద్రం ఒడ్డున పెట్టినట్టుంటుంది. లక్ష్మణ్‌పూర్ వైపు సముద్రం తొలిచిన రాతివంతెన వుంది. నీళ్ళు వెనక్కి తీసిన వేళ చూసుకుని జనం బారులు తీరి అక్కడికి నడుస్తారు. ఇక మిగిలింది సీతాపూర్. అది తూర్పు కొస. ట్రావెల్స్ వాళ్ళ కాగితంలో దానికి రాసింది ఒక్క ముక్కే: సూర్యోదయం. తెల్లవారుజామున ఆటోల్లో వచ్చి, సూర్యుణ్ణి చూసేసి, ఏడయ్యేసరికి టిఫిన్లకి వెళ్ళిపోతారు. సూర్యుడు మాత్రం అక్కడే వుంటాడు, పాపం.

మేము ఒకరోజు పొద్దెక్కాక నడిచి వెళ్ళాం. దారికి అటూ ఇటూ పోకచెట్లు, వరిమళ్ళు, బీరపాదుల పందిళ్ళు, వెదురు తడికెలు. రోడ్డు కొంతదూరం తారు, ఆపైన గుంతలు, ఆపైన ఇసుక. ఫోను మూగబోయింది. మా అబ్బాయి దాన్ని రెండుసార్లు ఆకాశానికి చూపించి, ఫలితం లేక వాళ్ళ నాన్న జేబులో పడేశాడు.

ఒడ్డున నరమానవుడు లేడు. చచ్చిన పగడపు ముక్కలు తెల్లగా ఎముకల్లా పడివుండి, అడుగు వేస్తే గలగలమంటున్నాయి. గవ్వ ఒకటి చక్కగా వుందని తీయబోయాను. అది లేచి నడక మొదలుపెట్టింది! ఖాళీ గవ్వల్లో కాపురముండే చిన్న పీతలవి. ఒళ్ళు పెరిగిన కొద్దీ పాత గవ్వ ఖాళీ చేసి, సరిపోయే పెద్ద గవ్వ వెతుక్కోవాలి వాటికి. దొరక్కపోతే ప్రాణాపాయం. పెళ్ళయిన కొత్తలో అద్దెయిళ్ళు మారినదాన్ని కనక వాటి అవస్థ నాకు తెలుసు. మనం షోకేసులో పెట్టుకోవటానికి ఏరుకొచ్చే ప్రతి గవ్వా ఒక టు-లెట్ బోర్డు పీకేసినట్టే. ఇక పగడపు ముక్కలు ఏరి తెచ్చుకోవటమైతే చట్టరీత్యా నేరం కూడాను.

చాలాసేపు అక్కడే కూచున్నాం. అల వచ్చిన చప్పుడు, పోయిన చప్పుడు. వెనక చెట్లలో పేరు తెలియని పిట్ట ఒకటి ఏదో ఒకే మాట పదేపదే అడుగుతోంది.

"అబ్బ, ఇది ఇలాగే వుండిపోతే ఎంత బాగుండును! ఇక్కడికి మంచి రోడ్డు రాకూడదు, హోటళ్ళు రాకూడదు, జనం రాకూడదు" అన్నాను.

"మనం మాత్రం వచ్చాంగా" అన్నారు మావారు, పేపరు చదువుతున్నప్పటి గొంతుతో.

తిరుగుదారిలో ఒక టీ బడ్డీ దగ్గర ఆగాం. మా మాటలు వినగానే బడ్డీ ఆమె ముఖం విప్పారింది. తెలుగు మనిషి! అందులో వింతేమీ లేదు. 2011 లెక్కల ప్రకారం ఆ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగే. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి బతుకుతెరువు కోసం సముద్రం దాటి వెళ్ళిన కుటుంబాలు ఎన్నో.

"ఏటమ్మా, ఈ కొసకొచ్చీసినారు? ఇక్కడేటున్నాదని?" అంది. సూర్యాపేట పెద్దమ్మ అడిగిందే, యాస మారిందంతే.

"ఏమీ లేకపోవటమే బాగుందమ్మా. చప్పుడే లేదు" అన్నాను.

"మీకు సప్పుడు నేకపోతే బాగుంటాది. రాత్రేళ పిల్లకి జొరమొస్తే, పడవ సప్పుడు నేకపోతే మాకు బయ్యం" అంది టీ వడపోస్తూ. నిష్ఠూరమేమీ లేదు ఆ మాటలో. ఉప్పు ధర చెప్పినట్టు చెప్పింది.

ఆ దీవిలో చిన్న ఆసుపత్రి వుంది. పెద్ద జబ్బు చేస్తే పోర్ట్‌బ్లెయిర్‌కే పోవాలి. సముద్రం బాగుంటే పడవ, మరీ అవసరమైతే హెలికాప్టర్. పిల్లలు డిగ్రీ చదవాలన్నా అంతే, సముద్రం దాటాలి. అంటే నేను అంత ఖర్చు పెట్టుకుని వచ్చి, తనివితీరా అనుభవించిన ఆ నిశ్శబ్దమే ఆమెకి రాత్రిళ్ళు నిద్రపట్టనివ్వని నిశ్శబ్దం. సరుకొకటే, నాకది విలాసం, ఆమెకది లోటు. నాలుగు రోజులుండి వెళ్ళే నేను, నలభై ఏళ్ళు బతకవలసిన ఆమె తరఫున "ఇలాగే వుండాలి" అని తీర్మానం చేసేయవచ్చునా?

ఈ మాట దీవి సంగతి కనక దూరంగా అనిపిస్తుంది. దగ్గరకి రండి, మా ఎల్బీనగర్ చూపిస్తాను.

హైదరాబాద్‌కి తూర్పు కొస కూడా ఒకప్పుడు "అక్కడేముందీ" అనిపించుకున్న చోటే. దిల్‌సుఖ్ రామ్ అనే జాగీర్దారు తన పొలాలని ఇళ్ళస్థలాలు చేయగా దిల్‌సుఖ్‌నగర్ అయిందని చెబుతారు. దిల్‌సుఖ్ అంటే మనసుకి సుఖం. సాయంత్రం ఏడింటికి ఆ సెంటర్లో రోడ్డు దాటేవాళ్ళకి ఈ అర్థం చెబితే కొడతారేమో గాని, మాట మాత్రం నిజం. ఎల్బీనగర్, వనస్థలిపురం వైపు ద్రాక్షతోటలుండేవి. మా నాన్నగారు అక్కడ స్థలం కొంటే, "నక్కలు తిరిగేచోట ఇల్లేమిట్రా" అని చుట్టాలందరూ మందలించారట. 2007లో ఎల్బీనగర్ మునిసిపాలిటీ మహానగరంలో కలిసిపోయింది. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్‌కి మెట్రో వచ్చింది. నక్కలు ఎప్పుడు వెళ్ళిపోయాయో ఎవరూ చూడలేదు.

తమాషా ఏమిటంటే, అక్కడ ఇల్లు కట్టుకున్న ప్రతివాళ్ళూ తమ తర్వాత వచ్చినవాళ్ళని చూసి "ప్రశాంతత పోయింది" అనే అన్నారు. జనరల్ పెట్టె ఎక్కినవాళ్ళని గమనించారా? ప్లాట్‌ఫారమ్ మీద వున్నంతసేపూ "కొంచెం జరగండి బాబూ, అందరూ వెళ్ళాలిగా" అని బతిమాలతారు. లోపలికి ఒక కాలు పడగానే వెనక్కి తిరిగి "చోటు లేదు, చోటు లేదు" అని కేకలు పెడతారు. మనిషి మారలేదు, గుమ్మానికి ఏ పక్కన నిలబడ్డాడన్నదే మారింది. విజయవాడ రోడ్డు పొడుగునా చూడండి, ఇళ్ళస్థలాల బోర్డులన్నీ "ప్రశాంత వాతావరణం" అమ్ముతుంటాయి. నాలుగు వందల ప్లాట్లు అమ్ముడుపోయాక ఆ వాతావరణం ఎక్కడ మిగులుతుందో బోర్డు రాసినవాళ్ళే చెప్పాలి.

అయినా మెట్రో వచ్చిన రోజున ద్రాక్షతోటల కోసం మా అమ్మ కన్నీళ్ళు పెట్టుకోలేదు. మోకాళ్ళనొప్పులతో మూడు బస్సులు మారి పెద్దాసుపత్రికి వెళ్ళే మనిషి, చల్లగా కూచుని వెళ్ళొచ్చి, "ఇన్నాళ్ళకి ప్రాణం సుఖపడిందే" అంది. ఆ తోటల అందాన్ని గురించి ఇప్పటికీ కబుర్లు చెప్పేది ఎప్పుడో ఒకసారి స్కూటరు మీద వచ్చి చూసిపోయిన మా పెద్దనాన్నగారే.

అలా అని, వచ్చినదంతా మేలే, ఊరుకోండి అందామా? అదీ కుదరదు. థాయ్‌లాండ్‌లో మాయా బే అని చిన్న ఒడ్డు వుంది. 2000లో వచ్చిన ఒక హాలీవుడ్ సినిమా ఆ ఒడ్డుని లోకానికంతటికీ చూపించింది. రోజుకి వేలమంది వచ్చిపడ్డారు. పడవల తాకిడికి పగడాలు నాశనమయ్యాయి. చివరికి 2018లో మూసేసి, 2022 దాకా తెరవలేదు. ఫిలిప్పీన్స్‌లో బొరకాయ్ దీవిలో మురుగు సముద్రంలో కలుస్తోందని ఆ 2018లోనే ఆరు నెలలు తాళం వేశారు. ముసిరినంతకాలం ముసిరి, చూడటానికి వచ్చినవాళ్ళు ఇంకో ఒడ్డుకి వెళ్ళారు. పాడైనదానితో బతకవలసినవాళ్ళు అక్కడివాళ్ళే. మన అండమాన్ వరసలోనే దక్షిణపు చివర వున్న పెద్ద నికోబార్‌లో ఓడరేవు, విమానాశ్రయం, పట్టణం కట్టే పథకానికి 2022లో పర్యావరణ అనుమతి వచ్చింది. దానికోసం తీసుకునే అడవి దాదాపు 130 చదరపు కిలోమీటర్లు. ఆ ఓడరేవు అనుకున్న గలతియా ఒడ్డుకే లెదర్‌బ్యాక్ అనే భారీ తాబేళ్ళు గుడ్లు పెట్టటానికి వస్తాయి. ఆ అడవుల్లోనే షోంపెన్ తెగవాళ్ళు బతుకుతున్నారు. టీ బడ్డీ ఆమె అడిగిన రాత్రి పడవకీ, ఈ పథకానికీ "అభివృద్ధి" అని ఒకటే పేరు పెట్టి మాట్లాడుకుంటాం మనం! పప్పునీ, పాయసాన్నీ, పచ్చడినీ కలిపి "భోజనం" అన్నట్టు. ఎవరికి ఏది అరుగుతుందో అడగద్దూ?

అసలు "ఏమీ లేదు" అన్న మాటని ముందు కొంచెం అనుమానించాలి. కాకినాడ ఎదురుగా హోప్ ఐలాండ్ వుంది. గోదావరి మోసుకొచ్చిన ఇసుకని సముద్రం పేర్చగా ఏర్పడిన పొడుగాటి దిబ్బ అది. పడవలో వెళ్ళొచ్చినవాళ్ళు "ఇసుక తప్ప ఏమీ లేదు" అంటారు. ఆ ఏమీ లేనిదే కాకినాడ ఓడరేవుకి అలల నుంచి అడ్డుగోడ. ఆ ఇసుకలోనే తాబేళ్ళు గుడ్లు పెడతాయి, ఆ ఇసుక మీదే జాలరి కుటుంబాలు గుడిసెలు వేసుకున్నాయి. సీతాపూర్ కూడా అంతే. నేను ప్రకృతి అనుకుని మురిసిపోయిన ఆ పచ్చదనంలో సగం కాందిశీకుల చెమట. మన కళ్ళకి ఖాళీగా కనిపించిన చోటల్లా ఖాళీ కాదు. ఆ గవ్వలాగే, వంగి చూస్తే లోపల ఎవరో వుంటారు.

మరి జవాబేమిటి? అందరినీ ఒకే గాటన కట్టే జవాబు లేదు గాని, అడగవలసిన క్రమం ఒకటుంది. అక్కడ రాత్రి పడుకునేది ఎవరు? ముందు వాళ్ళని అడగాలి. ఉత్తర సెంటినెల్ దీవివాళ్ళు తమ జవాబు ఎన్నోసార్లు బాణాలతోనే చెప్పారు: రావద్దు. అక్కడికి పోకూడదని చట్టం కూడా వుంది. 2018లో దాన్ని మీరి వెళ్ళిన ఒక అమెరికన్ యువకుడు ప్రాణాలు పోగొట్టుకున్నాడు. నీల్ దీవి బడ్డీ ఆమె జవాబు వేరు: రండి, టీ తాగండి, మాకో రాత్రి పడవ కూడా వచ్చేలా చూడండి. రెండు జవాబులనీ ఒకే మర్యాదతో వినాలి. నోరులేని తాబేలు తరఫున ఎవరో ఒకరు మాట్లాడాలి, నిజమే. కానీ అలా మాట్లాడేవాళ్ళు దాని ఖర్చులో తమ వంతు ముందు అక్కడ పెట్టి మాట్లాడాలి.

ఖర్చు పెట్టటమంటే ఏమిటో తెలియాలంటే అండమాన్ వెళ్ళనక్కర్లేదు. ఎల్బీనగర్ దాటగానే వనస్థలిపురం దగ్గర హరిణ వనస్థలి వుంది. నిజాం వేటకి వాడుకున్న అడవి. మహావీరుడి 2500వ నిర్వాణ ఉత్సవాల సందర్భంగా 1975లో ఆయన పేరు పెట్టి, కృష్ణజింకల కోసం వుంచేశారు. 3,600 ఎకరాలు! దాని చుట్టూ గజాల లెక్కన స్థలం అమ్ముతున్న ఊళ్ళో, ఒక్క గజం కూడా అమ్మకుండా జింకలకి వదిలిపెట్టాం. ఆ స్థలం మనకీ ఏదో ఒకదానికి పనికొచ్చేదే. అయినా వద్దనుకున్నాం. నగరాల మధ్య నగరం పెట్టుకున్న దీవి అది. దాని బుగ్గన చుక్క మనది, కాటుకా మనదే. అందుకే ఆ అందాన్ని గురించి మాట్లాడే అర్హత మనకి కొంచెం వుంది.

సీతాపూర్ అలాగే వుండాలని నాకిప్పటికీ వుంది. అయితే ఆ కోరిక ఉచితంగా తీరాలనుకోవటం న్యాయం కాదు. నాలాంటివాళ్ళు అక్కడికి వెళితే ఒక పూట వుండి ఫొటో తీసుకుని రాకుండా, రాత్రి వాళ్ళింట బస చేసి, వాళ్ళ పెరటి బీరకాయ కూరే తిని, నాలుగు డబ్బులు ఆ కొసనే ఖర్చు పెట్టవచ్చు. హోటలు లేదని విసుక్కోకుండా, ఆసుపత్రి పడవ లేదని మాత్రం వీలున్న ప్రతిచోటా అడగవచ్చు. రోడ్డు బాగుచేస్తే ఏదో పోతుందని బెంగపడే ముందు, ఆ రోడ్డు మీద బడికి నడిచే పిల్లల్ని తలుచుకోవచ్చు.

ఎందుకంటే, పిల్ల బుగ్గన చుక్క పెట్టేది తల్లి. చూడవచ్చిన చుట్టం కాదు. రోజంతా వుంచాలో, సాయంత్రం నీళ్ళుపోసి కడిగెయ్యాలో ఆవిడకి తెలుసు. చుట్టం చేయవలసిందల్లా పిల్లని చూసి సంతోషించి, వెళ్ళేటప్పుడు చేతిలో ఏదైనా పెట్టి రావటం.